ఎర్తు లేని ఇల్లు

"ఈ కంప్యూటరు ఎవరు కట్టిన్రు మేడమ్?"

"నేనే."

"అనుకున్న."

జనగామ బస్టాండు వెనక సందులో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు పెట్టుకున్న అభిలాష్‌కు నోటి దురుసు కాస్త ఎక్కువే. ఆ మాట జారాక గాని ఎదురుగా నిలబడ్డ అమ్మాయి ముఖం సరిగ్గా చూడలేదు. వాననీళ్లు ఆమె జడ మీంచి కారుతున్నాయి. తను తడిస్తే తడిసిందిలే అనుకుందో ఏమో, గొడుగు మాత్రం యూరియా బస్తాలో చుట్టిన కంప్యూటర్ డబ్బా మీదే పట్టుకొచ్చింది.

"అనుకున్న అంటే ఏంది అన్నా? ఆడివిల్ల కడితే గిట్లనే ఉంటదనా?"

అంత అందమైన గొంతులోంచి 'అన్నా' అని వినేసరికి అభిలాష్‌కు ఉత్సాహం సగం చల్లారింది.

"గట్ల కాదు. పవర్ బటన్ వైరు తీస్కపోయి లైటు పిన్నులకు తగిలిచ్చినవ్. నువ్వు బటన్ నొక్కిన సంగతి బోర్డుకు ఎట్ల తెలుస్తది?"

"యూట్యూబ్‌ల గట్లనే చూపెట్టిండు."

"వాని బోర్డు వేరు, నీ బోర్డు వేరు."

రెండు పిన్నుల ఆ సన్నటి వైరును పక్కకు మార్చాడు. ప్రాసెసర్‌కు కరెంటు తెచ్చే లావు వైరు సగమే దిగి ఉంటే, టక్‌మనేదాకా నొక్కాడు. బటన్ నొక్కగానే ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. ఆమె నవ్వబోయి, నవ్వడం తప్పన్నట్లు మధ్యలోనే ఆపేసుకుంది.

పేరు సుమలత. పాలకుర్తి దగ్గరి పల్లె. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంట్లోనే కూర్చుని మాటలు విని టైపు చేసే నౌకరి ఇచ్చింది. సోమవారం మొదలు.

"సోమవారానికి ఇది నడవకపోతే మేం ఇంటికి తాళమేసి టేకుమట్ల పోతం. ముత్యం మామ దగ్గరికి. అమ్మకు ఆ ఇంట్ల ఉండబుద్ధైతలేదు. నౌకరి నిలవడితేనే ఉంటనన్నది."

"మరి మీ బాపు?"

"పోయిండు. నాలుగు నెలలాయె."

ఎట్లా పోయాడని అడగాలని అతనికి తోచలేదు. బస్తా చుట్టి ఆటోలో పెట్టించాడు. ఆటో కదలబోతుంటే ఆమె తల బయట పెట్టింది.

"అన్నా, ప్లగ్గు పెట్టి డబ్బ ముట్టుకుంటే ఇంట్ల చెయ్యి జుమ్మంటాంది."

"అది మామూలే. అన్ని కంప్యూటర్లకు ఉంటది."

రోజుకు పదిమందికి చెప్పే మాటే అది. చెప్పేసి లోపలికి పోయాడు గాని, మనసు మాత్రం ఆటో వెనకే పాలకుర్తి దాకా పోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆ కంప్యూటరు రచ్చలో గెలిచి ఇంట్లో ఓడిపోయింది. బుధవారం పొద్దున్నే ఫోను.

"నడుస్తలేదు. మీరు ఏం రిపేరు చేసిన్రు?"

వానలో గంట ప్రయాణం. ఆ గంటలో అభిలాష్ అద్దంలో ఎన్నిసార్లు తల సవరించుకున్నాడో బైకుకే తెలియాలి. ఇంట్లోకి వెళ్లి డబ్బా వెనక చూస్తే కరెంటు కేబుల్ పక్కనుండే చిన్న స్విచ్ బంద్ చేసి ఉంది.

"గిది బంద్ ఉంటే ఎట్ల నడుస్తది?"

"నేను ముట్టలేదు."

"మరి దయ్యం ముట్టిందా?"

గడప దగ్గర సుమలత తల్లి ముత్తమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. ఆమెను ఏమని పిలవాలో అభిలాష్‌కు పెద్ద చిక్కే వచ్చి పడింది. పెద్దమ్మా అంటే సుమలత చెల్లెలి వరుస అవుతుంది. అత్తమ్మా అంటే చీపురు లేస్తుంది. ఎటూ తేలక, "పోయొస్తనమ్మా" అని బయటపడ్డాడు.

గురువారం మళ్లీ ఫోను. ఈసారి స్విచ్ బందు, పవర్ కేబుల్ సగం ఊడి ఉంది. సరిచేస్తే నడిచింది. తిరుగు దారిలో అతనికి ఒక తియ్యటి అనుమానం పుట్టింది. వైరు తనంతట తాను ఊడదు కదా! ఎవరో కావాలనే తీస్తున్నారు. ఎందుకు తీస్తారు? పిలవడానికి ఒక సాకు ఉండాలి కదా!

శుక్రవారం వెళ్లేసరికి కేబులే మాయమైంది.

"ఇల్లంత దేవులాడిన, దొరుకుతలేదు," అంది సుమలత. కళ్ల కింద నిద్రలేని నలుపు.

అభిలాష్ గొంతు తగ్గించి నవ్వాడు. "నన్ను చూడాలనుంటే ఫోను చేస్తే సాలు. వైర్లు దాసుడెందుకు?"

ఆమె చటుక్కున అతని వైపు తిరిగింది.

"రేపెల్లుండిల ఇల్లు ఖాళీ చేస్తున్నం. సామాన్లు సర్దుతాంది మా అమ్మ. నీకు పరాచికాలు గావట్టె."

ఆమె పెరట్లోకి వెళ్లిపోయింది. అభిలాష్‌కు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పటిదాకా మూటలు కడుతున్న ముత్తమ్మ లేచి, బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి, కేబుల్ బయటికి తీసి అతని ముందు పడేసింది.

"నా బిడ్డను ఏమనకు. నేనే దాసిన. స్విచ్ గూడ నేనే బంద్ వెట్టిన."

"ఎందుకమ్మా?"

"ఊడుస్తుంటె చెయ్యి తగిలి జుమ్మన్నది." ఆమె కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుంది. "సుమలత బాపు గూడ గట్లనే అన్నడు. బాయికాడికెల్లి వచ్చి, మోటరు స్టార్టర్ డబ్బ జుమ్మంటాంది ముత్తమ్మా అన్నడు. ఊళ్లె అందరిని అడిగితె, గది మామూలే ప్రభుదాసూ, తడి చేతులతోని ముడితే గట్లనే ఉంటది అన్నరు. తెల్లారి మడి తడుపుదామని పోయిండు. నీళ్లల్ల నిలవడి డబ్బ ముట్టిండు."

కాలితో కేబుల్‌ను ఇంకాస్త దూరం నెట్టింది.

అభిలాష్ ఒంగి ఆ కేబుల్ అందుకున్నాడు. మామూలే. వాళ్లన్న మాటే తనూ అన్నాడు, ఆటో కదలబోతుంటే, నవ్వుతూ. గోడమీద ప్రభుదాస్ ఫోటోకు వేసిన ప్లాస్టిక్ దండ మీద దుమ్ము కూడా పడలేదు. ఆ ఫోటో వైపు చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

మెయిన్ బంద్ చేసి సాకెట్ విప్పి చూశాడు. పైన పెద్ద బెజ్జానికి వైరే లేదు. మూడు పిన్నుల సాకెట్ పెట్టి రెండు వైర్లే లాగి పోయాడు ఎవడో. ఇంటికే ఎర్తు లేదు. డబ్బా మీదికి వచ్చిన కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేక, ముట్టుకున్న మనిషిలోంచి పోతోంది. ఊళ్లో సగం ఇళ్లు ఇట్లాంటివే. షాపు పెట్టక ముందు ఐటీఐలో రెండేళ్లు అతను చదివింది ఇదే.

శనివారం షాపు తెరవలేదు. బైకుకు గడ్డపార, ఇనుప పైపు కట్టుకుని, బొగ్గు, దొడ్డుప్పు, రాగితీగ సంచిలో వేసుకుని వచ్చాడు. ఇంటి వెనక ఎర్తు గుంత తవ్వడం మొదలుపెట్టాడు. ముసురు పడుతూనే ఉంది. సుమలత వచ్చి గుంత అంచున నిలబడింది.

"షాపు బంద్ వెట్టి గుంత తవ్వుడేంది?"

"నేను గూడ మామూలే అన్న. తెల్సి గూడ అన్న. నీకే కాదు, అందరికి గట్లనే చెప్పుకుంట వచ్చిన." గడ్డపార ఆపలేదు. "నిన్న అన్న మాటకు గూడ తప్పైంది."

"అయింది."

"ఇంకోటి గూడ ఉంది. బుధవారం నీ ఫోను వచ్చినప్పుడు నేను సంబురపడ్డ. నువ్వు పరేషాన్‌ల ఉంటే, నేను సంబురంగ బండి మీద వచ్చిన. గసొంటోన్ని నేను."

సుమలత బిందె తీసుకుని గుంతలో నీళ్లు పోసింది. అతను పైపు నిలబెట్టి, చుట్టూ ఉప్పు ఒక వరుస, బొగ్గు ఒక వరుస పేర్చాడు.

"టేకుమట్ల పోకు," అన్నాడు తల దించుకునే. "నువ్వు పోతే నాకు మంచిగుండది. పాణం ఆగమైతాంది."

"మేం ఆదివారం చర్చికి పోయెటోళ్లం. మీ ఇంట్ల తెల్సా?"

"తెల్వది. చెప్పుత."

"మీ అమ్మ ఏమంటది?"

"మొదలు మొత్తుకుంటది. తర్వాత ఏం కూర తింటదా పిల్ల అని అడుగుతది."

సుమలత ఈసారి నవ్వును మధ్యలో ఆపలేదు. ఆ నవ్వు వెనకే కన్నీళ్లూ వచ్చాయి. నాలుగు నెలల్లో ఇంత నవ్వడం ఇదే మొదటిసారని ఆమె చెప్పకపోయినా అతనికి తెలిసింది. గుంతలోంచి బయటికి వచ్చి కళ్లు తుడుద్దామంటే అతని చేతులనిండా బొగ్గే.

"అన్నా అని పిలువకు ఇంక," అన్నాడు చివరికి.

"బుధవారం నుంచే పిలుస్తలేను. నువ్వు సూసుకోలే."

పైపుకు రాగితీగ కట్టి సాకెట్ దాకా లాగాడు. కరెంటు వైరుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి పరీక్షిస్తే మొదట గుడ్డిగా వెలిగింది. ఇంకో ఉప్పు సంచి, ఇంకో నాలుగు బిందెలు. అప్పుడు బల్బు నిండుగా వెలిగింది. కేబుల్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేసి, తన అరచెయ్యి డబ్బా మీద ఆనించి చూసుకున్నాడు. ఏమీ లేదు.

"అమ్మా, ఇగ భయం లేదు," అంది సుమలత.

ముత్తమ్మ వచ్చింది. వట్టి కాళ్లు, పెరటి తడి ఇంకా ఆరలేదు. కూతురు ఆపబోతే పక్కకు జరిపింది. మొదట ఒక వేలు పెట్టి చటుక్కున తీసేసింది. మళ్లీ పెట్టింది. తర్వాత అరచెయ్యి మొత్తం డబ్బా మీద పరిచి కళ్లు మూసుకుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

"జుమ్మంటలేదు," అంది ముత్తమ్మ. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "ఒక్క గుంత. గిదేనా బిడ్డా? గింతేనా?"

అభిలాష్ తలూపాడు.

"నాలుగు నెలల ముందుగాల నువ్వు రాకపోతివి."

సుమలత తల్లి భుజం మీద ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అభిలాష్ కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చాలాసేపటికి ముత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కట్టిపెట్టిన మూటల్లోంచి ఒకటి విప్పి, అన్నం గిన్నె బయటికి తీసింది.

"కిటికీలకెల్లి మీ మాటలన్ని ఇన్న. పోయి మీ అమ్మకు చెప్పు. మొత్తుకోనియ్యి. మొత్తుకున్నంక తోల్కరా, నేను మాట్లాడుత."

"సరే అమ్మా."

"ఆయన పోయినంక మోటరు కాడికి ఎవ్వరు పోలే. పెట్టిన పంట పెట్టినట్టే ఎండిపాయె. ఈ వానలకన్న నాటు పెట్టాలె. బాయికాడ ఆ డబ్బకు గూడ గుంత తవ్వుతవా?"

"తవ్వుత."

"ఒక్కనివే పోకు," అంది ముత్తమ్మ. "నీళ్లు పోసెటందుకు దీన్ని గూడ తీస్కపో."