తడి గోనెపట్ట

దయానంద్ ఇంట్లో తెల్లవారిందంటే టీవీలో ప్రసంగం మోగాల్సిందే. వీధి చివర ఇడ్లీ బండి దగ్గర నిలబడినవాళ్లకు కూడా ఆ పాస్టరు చెప్పేది పొల్లుపోకుండా వినపడేది. భార్య కృపామణి రోజూ దాన్ని తగ్గించేది, ఆయన రోజూ పెంచేవాడు. ఆ రోజు కుక్కరు ఐదు విజిళ్లు వేసినా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న మనిషి తలెత్తలేదు. చివరికి దొడ్లోంచి కూతురు అమల పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది.

"పక్కనే కూసోనుండావు గదా నాయనా, ఆపితే ఏమి?"

"ఆ, పోదాం, పోదాం. ఇంకా ఎనిమిది గూడా కాలా," అన్నాడాయన.

అమల విసుక్కుంటూ జడ వేసుకోవడానికి వెళ్లింది. కృపామణి మాత్రం కాఫీ గ్లాసు తెచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, ఆయన చూసేదాకా ఆగి ఇచ్చింది.

చంద్రగిరి దాటాక చిత్తూరు రోడ్డు మీద వాళ్ల షెడ్డు. ఒకటే రేకుల షెడ్డు, దానికి రెండు బోర్డులు. ఎడమ పక్క దయానంద్ ముప్పై ఏళ్లుగా సైలెన్సర్లు వెల్డింగ్ చేసే చోటు. కుడి పక్క గాజు తలుపుల గదిలో అమల పొల్యూషన్ టెస్టింగ్ సెంటర్. డిప్లొమా చదివిన పిల్ల, ఆఫీసుల చుట్టూ తానే తిరిగి లైసెన్సు తెచ్చుకుంది. నాలుగు నెలలైంది పెట్టి. తండ్రి బిగిస్తాడు, కూతురు పాస్ చేస్తుంది, ఇంకేం కావాలి అనుకున్నారు అందరూ. దయానంద్ కూడా అలాగే అనుకున్నాడు పాపం. తన చేతి పని పాస్ కాని రోజు ఒకటి వస్తుందని ఆయనకు ఎలా తోస్తుంది?

ఆ రోజు తొమ్మిదికల్లా ఢిల్లీబాబు తన పాత పెట్రోల్ వ్యాను తెచ్చి ఆపాడు. అతను కృపామణి తమ్ముడు. తిరుచానూరు లాడ్జీల నుంచి యాత్రికులను కాణిపాకానికీ, కొండకూ తిప్పుతుంటాడు. నెల కిందట సైలెన్సరు తుప్పుపట్టి ఊడిపోతే బావే కొత్తది వేశాడు. కొత్తదంటే కంపెనీది కాదు. పొగను శుద్ధి చేసే డబ్బా ఉన్నది చాలా ఖరీదని, ఆ డబ్బా లేని లోకల్ సైలెన్సరు బిగించాడు. ఇప్పుడు పొల్యూషన్ కాగితం గడువు అయిపోయింది.

అమల మెషీను గొట్టాన్ని సైలెన్సరులో పెట్టి చూసింది. తీసి మళ్లీ పెట్టి చూసింది.

"మామా, ఇది పాస్ కాదు."

"ఏమ్మా, సొంత మామకే ఫెయిలా? లాడ్జి కాడ పదిమంది కాసుకోనుండారు. పదిగంటలకు కాణిపాకం పోవాల. దారిలో ఎవురన్నా ఆపితే ఏం సూపించేది?"

"శుద్ధి చేసే డబ్బా లేదు, అదొకటి. దానికి తోడు యాడో జాయింటు కారతా ఉండాది. బండిలో ఎవురికన్నా బాగలేకుండా అయిందా?"

ఢిల్లీబాబు తేలిగ్గా నవ్వాడు. "ఎనక సీటోళ్లు తలకాయనొప్పి అంటా ఉంటారు. నిన్న ఒకామె వాంతి గూడా చేసుకునింది. ఘాట్ మలుపులు గదా, మామూలే."

"నిన్న నువ్వు పోయింది కాణిపాకం గదా. ఆ దారిలో ఘాట్ యాడుండాది మామా?"

అతని నవ్వు ఆగిపోయింది.

వెల్డింగ్ అద్దం నుదుటికి ఎత్తుకుని దయానంద్ వచ్చాడు. వాళ్ల మొహాలు చూసి ఏదో తేడా ఉందనుకున్నాడు. అప్పుడే కృపామణి కూడా టిఫిన్ క్యారియరుతో ఆటో దిగింది. ఢిల్లీబాబు చేత్తో వ్యాను అడుగును చూపించి, "కారతా ఉండాదంట బావా, పాస్ చెయ్యదంట," అని గట్టిగా చెప్పాడు.

దయానంద్‌కు ఒళ్లు మండింది. "నేను బిగించింది కారతాదా? ముప్పై ఏండ్లలో ఒక్క బండి ఎనక్కి రాలా. గోనెపట్ట అడ్డం బెట్టి, చెవి ఆనించి ఇని, ఆ తర్వాతనే తాళం చేతికిస్తా. నీ మెషీను నిన్న పుట్టింది."

ఆయన అన్నది నిజమే. ఆ రోడ్డులో మెకానిక్కులంతా దయానంద్ చెవిని ఒప్పుకునేవారు. సైలెన్సరు మూతికి తడి గోనెపట్ట నొక్కిపెడితే, పొగ బయటికి దారిలేక ఏ సందు దొరికితే ఆ సందులోంచి బుస్సుమంటుంది. వెంట్రుకంత సందు ఉన్నా ఆయన పట్టేసేవాడు.

"మనుషులెక్కే బండి నాయనా. పొగ లోపలికి పోతే కూసున్నోళ్లు కూసున్నట్టే పోతారు. పొగలో ఉండే ఇసానికి వాసన గూడా ఉండదు."

"టైమైపోతా ఉండాది. కాయితం రాసియ్యి," అన్నాడు దయానంద్.

"రాయను."

"నా షెడ్డులో కూసోని నా పనికే ఫెయిలు రాస్తావా? రోడ్డంతా నవ్వితే నీకు సంతోషమా?"

"మనుషులు సచ్చిపోతారంటా ఉంటే నీకు రోడ్డు కావాల్నా?" అమల కోపంతో అటు తిరిగింది. "ఎన్నిసార్లు చెప్పేది? చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది నీతో."

చెంప మీద దెబ్బ పడింది. కొట్టింది తండ్రి కాదు, తల్లి. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి చెయ్యెత్తని కృపామణి.

"ఆ మాట ఇంకొకసారి అన్నావంటే..." అంది.

"పిల్లను ఏంటికి కొడతావే?" అన్నాడు దయానంద్ తెల్లబోయి. "నోటితో చెప్తే ఎవురూ నమ్మరు. ఉండండి, సూపిస్తా."

వ్యాను స్టార్టు చేశాడు. డ్రమ్ములో గోనెపట్ట ముంచి, పిండి, మడత పెట్టి, సైలెన్సరు మూతికి బిగించి పట్టాడు. కుడిచెవి వ్యాను అడుక్కు వంచి కళ్లు మూసుకున్నాడు.

బుస్సుమంది. సన్నగా కాదు, రోడ్డవతల పంక్చరు షాపువాడు తల తిప్పి చూసేంత గట్టిగా. ఢిల్లీబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు.

దయానంద్ కళ్లు తెరిచాడు. మొహం నిండా నవ్వు.

"ఇన్నారా? రవంతన్నా సప్పుడుందా?"

ఆయన ఒక్కొక్కరి మొహం చూశాడు. బామ్మర్ది చూపు తిప్పుకున్నాడు. భార్య ఏడుస్తోంది. ఆయన మొహంలో నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి మెల్లగా పోయింది.

అమల వచ్చి పక్కన చతికిలబడింది. తండ్రి చేయి పట్టుకుని వ్యాను కిందికి, జాయింటు దగ్గరికి తీసుకెళ్లింది. వేడి గాలి అరచేతికి కొట్టింది. ఆయన కాసేపు చేయి తియ్యలేదు. తర్వాత లేచి బండి ఆపేశాడు.

"ఇంత సప్పుడు వస్తా ఉండాదా?" అని అడిగాడు, కూతుర్ని కాదు, భార్యను.

కృపామణి తలూపింది.

"నీకు తెలుసా?"

ఆమె దగ్గరికొచ్చి ఆయనకు కనపడేలా, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. "రెండేండ్లుగా తెలుసు. చర్చీలో పాటకు నేను మోచేత్తో పొడిస్తేనే గదా నువ్వు లేసేది. సైలెన్సరోడికి చెవి పోయిందంటే బండి ఎవురు తెస్తారని నోరు మూసుకోనుండినా."

"నాకు గూడా అనుమానమే," అన్నాడు దయానంద్. "రవంత తగ్గిందిలే అనుకున్నా. ఇంత అనుకోలా." గోనెపట్ట ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాని నీళ్లు ప్యాంటు మీద కారుతున్నాయి. "మరి ఈ రెండేండ్లూ నేను ఇన్నింది ఏంది కృపామణీ? సప్పుడు లేదని తాళాలిచ్చి పంపించినా గదా అందరికీ."

గుట్టుగా సంసారం నెట్టుకురావడం మంచి ఇల్లాలి లక్షణమని కృపామణికి చిన్నప్పుడే నేర్పారు. ఆ గుట్టులో పరాయివాళ్ల ప్రాణాలు కూడా ఉన్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నాయనా, నాకు తెలీదు," అంది అమల ఏడుస్తూ. "తెలిసుంటే ఆ మాట అనుండను."

"ఏ మాట?" అన్నాడు దయానంద్.

ఆమె తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. ఆయన మసి చేత్తోనే కూతురి చెంప తడిమాడు.

"ఫెయిలని రాయి," అన్నాడు. "నీ మెషీను చెప్పింది చెప్పినట్టు రాయి."

ఢిల్లీబాబు తాళం బల్ల మీద పెట్టి, లాడ్జి దగ్గరికి ఇంకో బండిని పంపమని ఫోన్ చేసుకున్నాడు.

దయానంద్ స్టూలు మీద కూర్చుని వేళ్లు మడుస్తూ, ఈ రెండేళ్లలో తాను బిగించిన బండ్లను గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. మునిశేఖర్ కారు. రూతమ్మ కొడుకు ఆటో. అంతలో వేలు ఆగిపోయింది.

"చిన్నబ్బ స్కూలు వ్యాను. బడి తెరిసే ముందర బిగించినా. మధ్యానం పిల్లల్ని ఎక్కించుకుంటాడు. ముందర వానికి ఫోను చెయ్యి."

అమల నంబరు నొక్కి ఫోను ఆయన చేతికిచ్చింది. అవతల రింగవుతోందో ఎత్తారో ఆయనకు తెలియదు, కూతురి మొహమే చూస్తున్నాడు. చిన్నబ్బ గొంతు వినపడగానే ఆమె చెయ్యెత్తింది.

"చిన్నబ్బా, నేను దయానంద్‌ను. నీ బండి బయటికి తియ్యొద్దప్పా. పిల్లల్ని ఎక్కించొద్దు. నేను బిగించింది సరిగ్గా బిగించలేదేమో." ఫోను ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నాకు చెవులు ఇనపడవు. నువ్వేమంటావో నా కూతురికి చెప్పు."

ఫోను అమలకు ఇచ్చి, తర్వాతి వేలు మడిచాడు.