నీళ్ల కూజా పక్కన ఉప్పు

సిమ్యోన్‌కు పొద్దున లేవగానే గ్లాసుడు వాగునీళ్లు కడుపులో పడితే గాని రోజు మొదలైనట్టుండదు. కాఫీ అయినా, మనుషులతో మాటలైనా ఆ తర్వాతే. ఆ రోజు కూడా వాగునుంచి వచ్చే కుళాయి దగ్గర గ్లాసు ఖాళీ చేసి, మీసాలు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. కూతురు నాస్త్యా అవే నీళ్లు బకెట్టులో పట్టి, ఒక సీసాలోంచి గోధుమరంగు ద్రవం కొలిచి పోస్తోంది.

"పోశావా మళ్లీ నీ కషాయం?" అన్నాడు.

"కాల్షియం, మెగ్నీషియం నాన్నా. రోజూ చెబుతూనే ఉన్నా."

"ఈ నీళ్లు తాగే నీ ఎముకలు పెరిగాయి. నీకే సీసా పోశాం?"

"నాకు నీళ్లొక్కటే పోసి పెంచారా? పాలు, రొట్టె పెట్టలేదూ?" అంటూ నాస్త్యా నీళ్లలో ఖనిజాలెన్నో చూపే చిన్న మీటరు ఒకటి తీసి కుళాయి నీళ్లలో ముంచి చూపించింది. ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఆగింది. "చూడు, ఇందులో ఏమీ లేదు."

"ఏమీ లేకపోతేనే కదా మంచినీళ్లనేది," అని సిమ్యోన్ మూతి ముడుచుకుని కాఫీ పెట్టుకోవడానికి వెళ్లాడు.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. మంచుకొండల మధ్యనున్న స్లోకన్ లోయలో ఆ వాగంటే సిమ్యోన్, సిమ్యోన్ అంటే ఆ వాగు. వయసులో ఉన్నప్పుడు వాగు పైనున్న వాలులో అడవి నరకడానికి లారీలు వస్తే, ఆయుధం పట్టని డూఖొబార్ మతశాఖకు చెందిన తన బంధువులతో కలిసి కీర్తనలు పాడుకుంటూ దారికి అడ్డంగా కూర్చున్నాడు. పోలీసులు కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకెళ్లారు. చివరికి లారీలు వెనక్కి పోయాయి, వాగు మిగిలింది. అప్పటినుంచి ఆదివారం ప్రార్థన మందిరంలో బల్ల మీద పెట్టే నీళ్ల కూజా ఆయన ఇంటినుంచే వెళుతుంది. అలాంటి నీళ్లలో లోటుందని కన్నకూతురు మీటరు పెట్టి చూపిస్తే మనసు చివుక్కుమనదా మరి.

నాస్త్యా బకెట్టు పట్టుకుని వెళ్లింది పెరటి గాజు షెడ్డులోకి. ఒకప్పుడు దోసకాయలు కాసిన ఆ షెడ్డులో ఇప్పుడు గుడ్డ కుండీల నిండా కొబ్బరిపొట్టు, అందులో గంజాయి మొక్కలు. కొబ్బరిచెట్టు మొహం ఎరగని ఈ మంచుకొండల్లోకి కొబ్బరిపొట్టు ఎందుకు రావాలో సిమ్యోన్‌కు ఎంత చెప్పినా ఎక్కదు. మొక్కలు ఎందుకో మాత్రం బాగా తెలుసు. భార్య లుకేర్యాకు వెన్ను ఆపరేషన్ అయ్యాక నరాల నొప్పి పట్టుకుంది. ఆస్పత్రి మాత్రలు మింగితే మనిషి మనిషిలా ఉండేది కాదు. మింగకపోతే రాత్రంతా పంటిబిగువున కూర్చునేది. డాక్టరు సలహాతో అనుమతి తెచ్చుకుని, నాస్త్యా మొక్కలు పెంచి తీసిన నూనె నాలుగు చుక్కలు నాలుక కింద వేసుకున్నాకే ఆవిడ కంటి నిండా నిద్రపోయింది. ఆ నూనె అడుగంటుతోంది. ఈ మొక్కలు పండితేనే చలికాలం గడుస్తుంది.

అయినా మద్యం, పొగ ముట్టని వంశం. ప్రార్థన మందిరంలో ఎవరైనా షెడ్డులో ఏమిటని అడిగితే సిమ్యోన్ "టమాటాలు" అనేవాడు. పొరుగున ఉండే ఫెన్యా మరీ వెంటపడితే ఒకసారి ఊళ్లో దుకాణంలో టమాటాలు కొని, మా తోటవేనని ఆవిడ చేతిలో పెట్టాల్సి వచ్చింది.

ఎండలు ముదిరి పక్క లోయలో కార్చిచ్చు అంటుకుంది. మంటలార్పేవాళ్ల శిబిరంలో ప్రథమ చికిత్స చేసే ఉద్యోగం నాస్త్యాది. పిలుపు రాగానే సంచి సర్దుకుంటూ తండ్రికి అప్పగింతలు పెట్టింది. రోజూ నీళ్లలో సీసా మందు కొలిచి కలపాలి, కుండీ అడుగునుంచి కారేదాకా పోయాలి, వట్టి నీళ్లు మాత్రం ఒక్కసారి కూడా పోయకూడదు. సిమ్యోన్ అన్నిటికీ తలూపాడు.

మొదటి రోజు సీసా మూత మీద చెయ్యి వేశాడు కూడా. అంతలో కుండీల అంచున తెల్లగా పేరుకున్న ఉప్పు కంటబడింది. చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు తగిలి ఆపిల్ చెట్లు మాడిపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఈ పిల్ల వాళ్లమ్మ మందుకు తన చేత్తోనే ఉప్పు పెడుతోంది అనుకున్నాడు. సీసా పక్కన పెట్టి, వాగు దగ్గరికే నడిచి వెళ్లి బకెట్టు ముంచుకొచ్చి, మొక్కలకు కడుపు నిండా వట్టి నీళ్లు పట్టాడు. ఆకులు తళతళలాడాయి. చూశావా అని తనకు తానే చెప్పుకున్నాడు.

కొన్నాళ్లకు ఆకుల మీద తుప్పు చుక్కలు లేచాయి. కింది ఆకుల్లో ఈనెల మధ్య పచ్చదనం పోయి పసుపు తిరిగింది. లోపలి ఉప్పు ఇంకా వదల్లేదనుకుని సిమ్యోన్ మరో బకెట్టు మోశాడు. చుక్కలు పెరిగేకొద్దీ బకెట్లు పెరిగాయి.

నాస్త్యా పొగవాసన కొట్టే బట్టలతోనే తిరిగొచ్చి నేరుగా షెడ్డులోకి వెళ్లింది. ఇంట్లోకి వచ్చేసరికి ఆమె చేతిలో నిండుగా ఉన్న సీసా ఉంది.

"నాన్నా, ఇది కలిపావా?"

అబద్ధమాడితే బతుకు తేలికయ్యేది. కాని టమాటాల అబద్ధానికే ఆయనకు సరిగా నిద్రపట్టేది కాదు. "లేదు," అన్నాడు.

"వట్టి నీళ్లు పోశావా?"

"మన నీళ్లే పోశాను."

నాస్త్యా సీసాను బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు, అదే ఆయనను ఎక్కువ బాధపెట్టింది. "ఆ మొక్కలంటే నీకు మొదటినుంచీ గిట్టదు. ఊళ్లో నీ పరువుకు అడ్డం. అందుకే చంపేద్దామనుకున్నావు. సరే, చలికాలం అమ్మ ఎలా పడుకోవాలో కూడా నువ్వే చెప్పు."

సిమ్యోన్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. పక్కగదిలోంచి లుకేర్యా చేతికర్ర మీద మెల్లగా నడిచి వచ్చింది.

"ఏం మాటలే అవి?" అంది కూతురితో. "నేను రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఆ మోకాళ్లతో కొండెక్కి బకెట్లు మోసుకొచ్చాడు. మొక్కలకు పాటలు కూడా పాడాడు. నాకు పెళ్లయిన కొత్తలో పాడిందే తప్ప మళ్లీ వినలేదు నేను."

నాస్త్యా తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "మొక్క ఉప్పుకు మాడిపోతోందనుకున్నానమ్మా," అన్నాడు. "మన నీళ్లతో కడిగితే బతుకుతుందనుకున్నా."

కూతురు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మన లోయ మట్టిలో సున్నపు రాయీ రప్పా ఉంటాయి, నీళ్లకు లేనిది మట్టి ఇస్తుంది, అందుకే నీ దోసకాయలు కాశాయి అని విడమరిచి చెప్పింది. కొబ్బరిపొట్టు దగ్గర ఇవ్వడానికి ఆ సున్నం లేదు. పైగా పోసిన కాల్షియం, మెగ్నీషియం ముందు తనే పట్టుకుని, మిగిలితేనే వేరుకు వదులుతుంది. సిమ్యోన్ అంతా విన్నాడు. తలూపలేదు.

ఆదివారం ఎప్పటిలాగే కూజా పట్టుకుని ప్రార్థన మందిరానికి వెళ్లాడు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, మధ్యలో బల్ల. బల్ల మీద రొట్టె, చిన్న గిన్నెలో ఉప్పు. తన కూజా వాటి పక్కన పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. జీవితమంతా తను తెచ్చిన కూజానే చూసుకున్నాడు. పక్కనున్న ఉప్పు గిన్నె వైపు ఎప్పుడూ సరిగా చూసిందే లేదు. బతకడానికి నీళ్లొక్కటే చాలితే, పెద్దలు రొట్టె, ఉప్పు కూడా ఎందుకు పెట్టమన్నారు? అందరూ కీర్తన ఎత్తుకున్నా సిమ్యోన్ ఆ గిన్నెనే చూస్తున్నాడు.

బయటికి వస్తుంటే ఫెన్యా ఎదురై, టమాటాలు మళ్లీ పండాయా అని పలకరించింది.

"టమాటాలు కాదు ఫెన్యా," అన్నాడు సిమ్యోన్. "గంజాయి. లుకేర్యాకు మందు. నీకిచ్చినవి దుకాణంలో కొన్నవి."

"కొన్నవని తింటేనే తెలిసిందిలే. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా," అంది ఫెన్యా. లుకేర్యాను చూడటానికి సాయంత్రం కూర నింపి కాల్చిన పిరాహీలు పట్టుకొస్తానని చెప్పి వెళ్లింది.

ఇంటికి వచ్చి, ఆదివారం బట్టలైనా మార్చుకోకుండా షెడ్డులోకి నడిచాడు. నాస్త్యా బకెట్టు నింపుతోంది. సిమ్యోన్ సీసా అందుకున్నాడు. వంచాడు గాని ఏ గీత దగ్గర ఆపాలో గుర్తురాలేదు. కూతురు ఆయన చేతి కింద తన చెయ్యి పెట్టింది. ఇద్దరూ కలిసి పోశారు.

"నాన్నా, ఆ రోజు నేనా మాట అనకుండా ఉండాల్సింది."

ఆయన ఒక తుప్పు చుక్కల ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. "ఇది మళ్లీ బాగవుతుందా?"

"మచ్చపడ్డది అలాగే ఉండిపోతుంది. పైన కొత్తగా వచ్చేవి బాగా వస్తాయి. పంట కొంచెం తగ్గినా అమ్మకు సరిపోతుంది."

"అయితే చాలమ్మా," అన్నాడు సిమ్యోన్. ఆ చాలు మొక్క గురించి మాత్రమే కాదని నాస్త్యాకు అర్థమైంది. ఆమె కళ్లు తుడుచుకుని బకెట్టు ఎత్తింది.

ఇంటి కిటికీ తెరుచుకుంది. "నీళ్లు పోసే చప్పుడే గాని పాట లేదేం?" అంది లుకేర్యా.

సిమ్యోన్ గొంతు సవరించుకుని కీర్తన ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు మందిరంలో పాడి, ఎప్పుడో మానేసిన జంట స్వరాన్ని నాస్త్యా అందుకుంది.