వెనక ఎవరూ లేరు

డిసెంబరులో ఓస్లోలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. భోజనాల షెడ్డులో రొట్టె, గోధుమరంగు జున్ను తినేసి, ఛార్జింగ్ తీగ పీకి, బ్యాటరీ పొక్లెయిన్ ఎక్కాను. పది నెలల తర్వాత మళ్ళీ అదే సీటు. రానని మొండికేస్తే సైటు మేస్త్రీ హాల్వోర్ వినలేదు. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కిపోతావు గున్‌వోర్. నీ దగ్గరే కదా పని నేర్చుకున్నా. నేనున్నాగా," అన్నాడు.

ఎయిలిఫ్ నా భర్త. ఇరవై ఆరేళ్ళు డీజిలు బండి మీద నేను, పక్కన కందకంలో పార పట్టుకుని అతను. తలెత్తి చూసేవాడు కాదు. ఇంజను గుర్రుమంటే చాలు, బండి ఎటు తిరుగుతుందో చెవులతోనే కనిపెట్టేసేవాడు. బ్యాటరీ బండి వచ్చాక మాకు పండగే అయింది. "ఇన్నాళ్ళూ అరిచి అరిచి గొంతు పోయిందే. ఇక పని చేస్తూనే పోట్లాడుకోవచ్చు," అని నవ్వాడు.

ఆ బండి వచ్చిన పదహారో రోజున దాన్ని వెనక్కి నడిపాను. చప్పుడు లేదు. అతను తలెత్తలేదు.

కెమెరా చూశాకే కదిలానని పోలీసులకు చెప్పాను. పొగమంచు, నా తప్పేం లేదన్నారు. అత్తగారు నన్ను కావలించుకుని, "నీ తప్పు కాదమ్మా" అని ఏడ్చింది. నేను చూడలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఎయిలిఫ్‌కి తెలుసు.

తర్వాత బండికి కొత్త కెమెరా పెట్టారు. వెనక మనిషి ఉంటే తెర మీద ఆ మనిషి చుట్టూ పసుపు గీత వస్తుంది, బీప్ మంటుంది, బండి కదలదు.

మళ్ళీ సీటెక్కిన ఆ సాయంత్రం మీట లాగగానే బీప్ మంది. తెర మీద ఖాళీ మంచు. ఆ ఖాళీ చుట్టూ పసుపు గీత... వంగి పని చేసే మనిషంత.

రేడియో బటన్ నొక్కాను. "హాల్వోర్, వెనక ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. కెమెరాకి మంచు అంటుకుని ఉంటుంది. తుడవనా?"

జవాబివ్వబోయి మళ్ళీ బటన్ నొక్కాను. అంతలో గీత కదిలింది. మూడు మీటర్లు... రెండు... క్యాబిన్ నిండా తడిమట్టి వాసన. బయట నేల రాయిలా గడ్డకట్టి ఉంది. అది ఎయిలిఫ్ చొక్కా వాసన.

"నువ్వేనా?" గొణిగాను.

బీప్.

"చూడలేదు ఎయిలిఫ్... కాఫీ పోసుకుంటూ మీట లాగాను. అందరికీ అబద్ధం చెప్పాను. తిట్టు... ఏదో ఒకటి అను."

బీప్ ఆగింది. గీత పోయింది. వాసనా పోయింది. రెండోసారి అతన్ని పోగొట్టుకున్నట్టు గుండె పగిలిపోయింది. పోవద్దని తెరని పట్టుకోబోతే తెలిసింది... వేలు ఇంకా రేడియో బటన్ మీదే బిగుసుకుపోయి ఉంది.

దిగేసరికి సైటంతా ఎక్కడి పని అక్కడే ఆగిపోయింది. అందరి భుజాలకీ రేడియోలు. హాల్వోర్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"విన్నారా?" అన్నాను.

"విన్నాం."

"పోలీసులకి నేనే చెప్తాను."

"అది కాదు గున్‌వోర్..." ముఖం పాలిపోయి ఉంది. "అతనన్నది కూడా విన్నాం."

నాకేమీ వినపడలేదు. హాల్వోర్ భుజాలు పట్టుకుని కుదిపాను. "ఏమన్నాడు? నీ కాళ్ళు పట్టుకుంటా, ఏమన్నాడు?"

హాల్వోర్ ఏడ్చాడు. చెప్పలేదు. ఆ సైటులో ఉన్న పదకొండు మందిలో ఒక్కరూ ఇవాళ్టిదాకా చెప్పలేదు.