తగ్గాలని చేసిన సజ్దా

ఆ పెద్దాయన మనవడు వచ్చాడంటే చాలు, ఆమెకు ఒళ్లు మండిపోయేది. కంటి ఆసుపత్రిలో కంటి ప్రెషర్ కొలిచే ఉద్యోగం ఆమెది. గడియారాలు బాగుచేసే షాపు అతనిది. మిషన్ల సంగతి తనకే తెలుసన్నట్టు, నాలుగు నెలలుగా వచ్చిన ప్రతిసారీ ఆమె మిషన్‌కే వంక పెట్టేవాడు. వేళకు కంట్లో చుక్కలు వేస్తున్నా, ఇరవై ఒకటి దాటకూడని ప్రెషర్ తాతకు ఇరవై ఎనిమిది ఎలా వస్తుందని వాదించేవాడు.

ఈసారీ అంతే వస్తే ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పేసింది. పెద్దాయనకు చూపు మిగిలింది ఆ ఒక్క కంట్లోనే. భయంతో అన్నం కూడా సరిగా తినడం లేదట.

ఆ రోజు పెద్దాయన పేరు పిలిస్తే ఎవరూ రాలేదు. విసుక్కుంటూ ఆమే బయటికి వెళ్లింది. వరండా చివర పెద్దాయన చాప పరుచుకుని, నుదురు నేలకు ఆన్చి సజ్దాలో ఉన్నాడు. ఎంతకీ లేవడే. పక్కన మనవడు కాపలా.

"ప్రతిసారీ ఇంతేనా?"

"మీరు పిలిచే ముందు రెండు రకాతుల నమాజు. ప్రెషర్ తగ్గాలని. దానికీ మీ పర్మిషన్ కావాలా?"

ఆమె తల పట్టుకుంది. తల కిందికి పెట్టి అంతసేపు ఉంటే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, లేచాక కాసేపటికి సర్దుకుంటుంది. ఈయన తగ్గాలని వేడుకుని, పెరిగిన కన్నుతోనే తిన్నగా వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడు. రోజూ నమాజు చేసే తనకే ఈ సంగతి తట్టనందుకు తన మీద తనకే చిరాకేసింది.

నమాజు ముగిశాక పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, అరగంట కదలనివ్వలేదు. ఆ అరగంటా మనవడు, గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకుందని సణుగుతూనే ఉన్నాడు.

పదిహేడు వచ్చింది. మళ్లీ కొలిచింది. పదిహేడే.

డాక్టరమ్మ ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టింది. నమాజు మానక్కర్లేదు, సజ్దా మరీ సాగదీయొద్దంది.

పెద్దాయన కళ్లొత్తుకున్నాడు. "కంటి కోసమైతే చిటికెలో లేచేవాణ్నమ్మా. వీడి కోసం వేడుకుంటుంటేనే ఆలస్యమయ్యేది. నిన్ను చూడ్డానికి షాపు మూసుకుని మరీ వస్తాడు. వచ్చి పోట్లాడతాడే గానీ అసలు మాట చెప్పడు."

ఆమెకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మనవడి వైపు తిరిగింది. "మీకు నోరు లేదని ఆయన కంటి మీదకు తెచ్చారా?"

"నోరుంది. మిమ్మల్ని చూస్తే మిషన్ మాటే వస్తోంది" అన్నాడతను నేల చూపులు చూస్తూ. "మీరంటే ఇష్టం. నాలుగు నెలలుగా."

ఆమె చీటీ మీద ఇంటి అడ్రసు రాసి పెద్దాయన చేతిలో పెట్టింది.

"ఆదివారం తీసుకురండి తాతయ్యా. వంక పెట్టడానికి మా నాన్న దగ్గర మిషన్లేవీ లేవు. అసలు మాటే చెప్పాలి."