పఠన మందిరం గ్రూప్ ఫోటో

"మిరప ప్రాణం మీదికొచ్చింది," అన్నారు రామచంద్రమూర్తి.

2003 ఆగస్టు. హైదరాబాదులో బోర్డు లేని ఒక గూఢచారి బ్యూరో ఆఫీసు. ఆయన చీఫ్. ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ లక్ష్మీకాంత్. ఇక మిరపంటే వంటింట్లోది కాదు, మనిషి. పదకొండేళ్ళుగా ఓ విదేశీ రేవులో దొంగపేరుతో బతుకుతూ, ఆయుధాల ముఠా గుట్టంతా మనకు చేరవేస్తున్నవాడు. అసలు పేరు రామకోటేశ్వరరావు. సొంతూరు జగ్గయ్యపేట.

"పోయిన నెల జ్వరంలో తెలుగులో పలవరించాడట. పఠన మందిరం, పఠన మందిరం అని. ముఠా చెవిన పడింది. పాత లైబ్రరీలన్నీ స్కాన్ చేసిపెడతామంటూ నందిగామలో ఒక హెరిటేజ్ ట్రస్టు తెరిచారు. పంచాంగాలు, పత్రికల బైండ్లు, నాటకాల కరపత్రాలు, అన్నీ డిజిటల్ ఆర్కైవ్ అట! వాళ్ళకి కావలసింది ఒక్కటే. పఠన మందిరం పాఠకుల గ్రూప్ ఫోటో, 1981. కింద పేర్లున్నాయి. మనవాడి మొహం ఆ పేరుతో కలిసిందా, రేపటికి బతికుండడు."

"డెడ్‌లైన్?"

"ఈ సాయంత్రం ఐదు. అప్‌లోడ్ అప్పుడే."

"లోపల మనవాళ్ళు?"

"ఒకరున్నారు. డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్ ఇస్తాను."

లక్ష్మీకాంత్ తలూపాడు. భయం వేయాలి. వేయలేదు. పడవ మునిగిందని, శవం దొరకలేదని 1992లో రామకోటేశ్వరరావు ఇంటికి వెళ్ళిన టెలిగ్రాం ఇతగాడు రాసిందే. ఆ ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ మాయం చేయించిందీ ఇతగాడే. లైబ్రరీ గోడమీద ఇంకొకటి ఉంటుందని మాత్రం తట్టలేదు. ఆ తర్వాత అలాంటి టెలిగ్రాంలు మరో నాలుగు రాశాడు. చివరిదానికి కలం తడబడను కూడా లేదు. మనిషి తింటాడు, నిద్రపోతాడు, పిలిస్తే పలుకుతాడు. అంతే, లోపల ఏమీ కదలదు.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు టిఫిన్ క్యారేజీలో అమర్చిన జామర్ ఒకటి చేతికిచ్చి, అదేదో బ్రహ్మాస్త్రమైనట్టు వీపు తట్టి పంపారు.

హైవే మీద సిమెంటు లారీలు అడ్డం పడి, జగ్గయ్యపేట చేరేసరికి మూడున్నర దాటింది. టై కట్టుకుని స్కానర్ సర్వీస్ ఇంజనీరు వేషంలో పఠన మందిరం మెట్లెక్కాడు. ఊళ్ళో వర్తకులు ఎప్పుడో కట్టించిన లైబ్రరీ అది. రిటైరైన టీచరు కమలాంబ దాన్ని చూసుకుంటోంది. రామకోటేశ్వరరావుకి తోడబుట్టిన అక్క.

"గ్రూప్ ఫోటో ఒకసారి చూడాలండి."

"అయ్యో, పొద్దున్నే నందిగామ పట్టుకుపోయారు బాబూ, ఫ్రేమ్ ఊడదీసి మరీ. అందులో మా తమ్ముడున్నాడు. వాడిది ఇంకో ఫోటో లేదండి మాకు. జాగ్రత్తగా తెచ్చిపెట్టమని చెప్పండి. అరె, ఎండనపడి వచ్చారు, మజ్జిగైనా తాగండి!"

మజ్జిగ తాగే వ్యవధి లేదు. జీపు నందిగామలో ఆగేసరికి ఐదుకి పది నిమిషాలు తక్కువ.

ట్రస్టు ఆఫీసు మేడమీద. పాత కాగితాల వాసనలో ఖరీదైన సెంటు గుప్పుమంది. ఆకుపచ్చ షిఫాన్ చీర, తలమీదికి తోసుకున్న కూలింగ్ గ్లాసులు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆవిడ పేరు మహతి. ట్రస్టు డైరెక్టరు.

"పాత పంచాంగాలు దొరుకుతాయా అండి?"

ఆవిడ తల తిప్పకుండానే అంది. "కొత్తవే కలిసిరావడం లేదు, పాతవెందుకండీ?"

అదే కోడ్. హమ్మయ్య అనుకోవలసిన చోట లక్ష్మీకాంత్ గడియారం చూసుకున్నాడు.

"లేటయ్యారు," అంది మహతి. "ముందే పంపమని ఫోనొచ్చింది. ఆపితే నా కొంప మునుగుతుంది. మొదలుపెట్టేశా."

స్క్రీన్ మీద 71 శాతం. డయలప్ లైను నత్తనడక నడుస్తోంది, అయినా నడుస్తోంది. అతను క్యారేజీ మూత తీశాడు.

"జామరా? సెల్‌ఫోన్లకి కదా అది! ఇది ల్యాండ్‌లైనండీ బాబూ."

బ్రహ్మాస్త్రం మూత మళ్ళీ పెట్టేసి, ఫోను తీగ పట్టుకున్నాడు.

"పీకితే?"

"ఫోటోలో ఏదో ఉందని వాళ్ళకి ఖాయమైపోతుంది. ముందు మీవాణ్ణి లేపేసి తర్వాత ఆరా తీస్తారు."

"పీకకపోతే?"

"మొహం వెళ్ళిపోతుంది."

88. తీగ ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో స్కానర్ మూత ఎత్తి ఫోటో తిరగేశాడు. మూడు వరసల్లో కుర్రకారు. రెండో వరసలో నాలుగోవాడి కింద రామకోటేశ్వరరావు అని పేరు. పేరు పక్కన పెన్సిలుతో, 'స్వర్గస్థుడు, 1992'. చొక్కా ఉంది, మెడ ఉంది. మెడ పైన మొహం లేదు. ఎర్రటి కుంకుమ మరక, దాని చుట్టూ పొర లేచిపోయి తేలిన తెల్ల కాగితం.

97.

లక్ష్మీకాంత్ తీగ వదిలేశాడు. "వెళ్ళనీ."

"మతి పోయిందా మీకు?"

"పంపడానికి మొహం లేదు. చూడు."

వంద అయింది. స్కాన్ చేసింది కింది గుమాస్తా. మహతి ఫోటో ఇప్పుడే చూసి ముక్కున వేలేసుకుంది. పది నిమిషాలకి ఫోను మోగింది. ఆవిడ నిబ్బరంగా ఇంగ్లీషులో మాట్లాడింది. ఎర్ర మచ్చ ఏమిటని అడిగినట్టున్నారు. "కస్టమ్. చనిపోయినవాళ్ళకి బొట్టు పెడతారు. ఎస్, నైంటీన్ నైంటీటూ," అంది. ఫోను పెట్టేసి ఊపిరి వదిలింది.

"రామకోటేశ్వరరావు ఎప్పుడో పోయాడు, మీవాడు ఇంకెవడో అని తేల్చుకున్నారు. ఫైల్ క్లోజ్. ట్రస్టు కూడా ఎత్తేయమన్నారు."

సంతోషం కలగాలి. కాస్త ఆగి చూశాడు, రాలేదు. ఫోటో కవర్లో పెట్టుకుని లేచాడు.

మర్నాడు పొద్దున దాన్ని కమలాంబకి తిరిగి ఇచ్చాడు. ఆవిడ రెండు చేతులా అందుకుంది.

"ఒకటి అడగనా బాబూ? మీ కంప్యూటర్లో ఈ మొహం మళ్ళీ తెప్పించగలరా? తప్పు నాదేనండి. ఏటా తిథినాడు అద్దం తీసి, పాత కుంకం తడిగుడ్డతో తుడిచి, వాడి నుదుటి మీదే బొట్టు పెట్టేదాన్ని. అద్దం మీద పెడితే వాడికెక్కడ అందుతుంది? అలా తుడిచీ తుడిచీ మా తమ్ముణ్ణి నేనే చెరిపేసుకున్నా."

గుర్తుపట్టడానికని చీఫ్ ఇచ్చిన ఫోటో లక్ష్మీకాంత్ సంచిలో ఉంది. నెరిసిన గడ్డంతో, ఏదో ఓడ ముందు నిలబడి నవ్వుతున్న రామకోటేశ్వరరావు. చెయ్యి సంచి జిప్ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"అవదండి," అన్నాడు.

"పోన్లెండి, మీరు మాత్రం ఏం చేస్తారు. వచ్చే నెలే తిథి. ఈసారి బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియట్లా."

"అక్కడే పెట్టండమ్మా. అందుతోంది."

ఆవిడ వింతగా చూసింది. లక్ష్మీకాంత్ నాలిక కరుచుకుని, గబగబా మెట్లు దిగాడు.

జీపులోనే రిపోర్టు రాశాడు. మిషన్: సక్సెస్. ప్రాణనష్టం: నిల్. బతికున్నవాళ్ళని టెలిగ్రాంలో చంపి, ఆ చివరి గడిలో నిల్ అని రాయడంలో బ్యూరోని మించినవాళ్ళు లేరు.