వరసకి మేనమామ

నన్ను జ్యూరీలోకి లాగింది వసుమతే. ఆ తర్వాత జరిగినదానికి నన్నొక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు.

1984 జూలైలో ఒక శనివారం. నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో డాక్టర్ అచ్యుతరావుగారింట్లో గ్రైండర్ సరిగ్గా పనిచెయ్యడం లేదని తెలిసినవాళ్ళు చెబితే, చూద్దామని నేనుండే క్యారీ నుంచి బయల్దేరాను. ఐ-ఫార్టీ హైవే అప్పటికింకా విల్మింగ్టన్ దాకా వెయ్యలేదు. దారి పొడుగునా చిన్నచిన్న ఊళ్ళూ, ప్రతి ఊళ్ళోనూ ఒక రెడ్ లైటూ. అయినా రెండు గంటలకి రమ్మంటే పన్నెండింటికే ఊళ్ళో దిగిపోయాను. నాకు నిలకడ తక్కువ. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

రెండు గంటలు ఎక్కడ తిరగాలో తెలియక నది ఒడ్డుకి వెళ్ళాను. ఇంగ్లండు రాజులు ఏలిన రోజుల్లో ఆ ఊరు పెద్ద రేవు. ఇక్కడి తారూ కలపా ఓడలెక్కేవి, లండన్ నుంచి కొత్త సామాన్లు దిగేవి. ఆ కాలపు వర్తకుడి ఇంటినొకదాన్ని మ్యూజియం చేశారు. ప్రతి శనివారం దాని ముందుగదిలో 1768 నాటి కోర్టు ఆడి చూపిస్తారు.

కేసు మ్యూజియంవాళ్ళు అల్లిన కథే. వర్తకుడు లండన్ నుంచి బట్టలుతికే చెక్కపీపా ఒకటి తెప్పించాడు. పిడి తిప్పితే లోపల తెడ్డు తిరుగుతుంది, చాకిరీ తప్పుతుంది అని ఊరంతా చెప్పి అమ్మాడు. అది ఒక వితంతువు పట్టుగౌను చీల్చేసింది. ఆవిడ కోర్టుకెక్కింది. చూడవచ్చినవాళ్ళలోంచే పన్నెండుమందిని జ్యూరీగా కూర్చోబెడతారు. ఆవిడ గెలుస్తుంది. అందరూ చప్పట్లు కొట్టి, నిమ్మరసం తాగి ఇళ్ళకి పోతారు.

ఆవిడ తరఫు లాయరు నల్లకోటూ తెల్లవిగ్గూ వేసుకుని వచ్చింది. విగ్గు కింద నుంచి బారెడు జడ. 1768లో ఇక్కడ ఆడ లాయర్లూ లేరు, ఇండియా లాయర్లూ లేరు. ఇద్దరూ ఒకే మనిషిలో కనిపించేసరికి నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆమె వేలు నావైపు తిరిగింది.

"యూ, సర్. బ్లూ షర్ట్. మీరే పన్నెండో జ్యూరర్."

వాదన బ్రహ్మాండంగా చేసింది. చివర్లో వితంతువు పక్షాన చేతులెత్తమంటే పదకొండు చేతులు లేచాయి. నాది లేవలేదు.

"సర్?" అంది ఇంగ్లీషులో.

"యంత్రాన్ని చూడకుండా తీర్పెలా చెప్పను?"

దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సర్, ఇది నాటకం."

"నాటకంలో నాది జ్యూరర్ వేషం. సరిగ్గా వెయ్యనివ్వండి."

జడ్జి వేషం వేసిన ముసలాయనకి సరదా పుట్టింది. చూడమన్నాడు. పీపా మూత తీసి చెయ్యి పెట్టాను. తెడ్డు తలకిందులుగా బిగించి ఉంది. మేకుల మొనలన్నీ బట్టవైపే.

"ఇందులో ఏ గౌనేసినా చిరుగుతుంది. తప్పు పీపాది కాదు. దీన్ని బిగించిందెవరు?"

మ్యూజియం మేనేజరు గట్టిగా దగ్గాడు. జనం పగలబడి నవ్వారు. జడ్జి కేసు కొట్టేశాడు.

బయటికొస్తుంటే వెనకనుంచి చెప్పుల చప్పుడు. విగ్గు చేతిలో పట్టుకుని వచ్చేసింది.

"నువ్వు తెలుగేగా?"

"ఎలా తెలిసింది?"

"ఫ్రీ షోకొచ్చి ఇంజనీరింగ్ ఎగ్జామ్ ఇంకెవరు పెడతారు? లెవెన్ వీక్స్‌గా గెలుస్తున్నాను, తెలుసా? ఇవాళ నా లా ప్రొఫెసర్ కూడా వచ్చాడు!"

"సారీ అండీ. కానీ ఆ తెడ్డు..."

"ఇంకోసారి తెడ్డంటే నేనే నిన్ను స్యూ చేస్తా!"

అలా మొదలైంది.

రెండు గంటలకి అచ్యుతరావుగారింట్లో గరాజ్‌లో నేల మీద కూర్చుని గ్రైండర్ విప్పాను. ఆయన భార్య భానుమతిగారు మజ్జిగ తెచ్చిచ్చి ఇంటిపేరడిగారు.

"ముక్కామల అండి. ముక్కామల శ్యామ్‌సుందర్."

"ముక్కామలా! మా పుట్టింటివాళ్ళూ అదేనయ్యా. గోత్రం?" చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇంకేం, నువ్వు నాకు తమ్ముడివే. ఈ అండీ గిండీ మానేసి అక్కయ్యా అని పిలువు."

సరేనన్నాను. అంతలో ఇంట్లోంచి ఒక గొంతు వినిపించింది. "అమ్మా, ఇవాళ ఒక ఇడియట్ వచ్చి మొత్తం షో..." అంటూ గరాజ్‌లోకొచ్చి ఆగిపోయింది, జడ ముందుకేసుకుని, విగ్గు లేకుండా.

"ఇడియట్ ఏమిటే? నీ మేనమామ. వరసకి నాకు తమ్ముడు" అన్నారు భానుమతిగారు. "మా అమ్మాయి వసుమతి. చాపెల్ హిల్‌లో లా చదువుతోంది. నాలుగేళ్ళప్పుడు ఇండియా నుంచి తీసుకొచ్చాం దీన్ని."

వసుమతి నావైపు చూసింది. కళ్ళలో కసి మెల్లగా నవ్వయింది.

"ఓ! హలో, అంకుల్!"

నాకు ఇరవయ్యేడు. ఆమెకి ఇరవై మూడు. ఆ మాట ఎంత గుచ్చుకుందో చెప్పలేను.

వాళ్ళమ్మ లోపలికెళ్ళాక టార్చిలైటు పట్టుకుని నా పక్కనే నిలబడింది.

"దీనికేమైంది, అంకుల్?"

"ఏమీ కాలేదు. ఇండియా కరెంటుకి చేసిన మోటారు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు సరే, ఇక్కడి కరెంటుకి సెకనుకి సైకిల్స్ అరవై, అక్కడ యాభయ్యే. అందుకని వేగంగా తిరుగుతోంది. రాయి వేడెక్కుతుంది, పిండి చెడుతుంది. మోటారుకి బెల్టు తిప్పే పుల్లీ చిన్నది వేస్తే చాలు."

"అంటే అమ్మ ఫైవ్ ఇయర్స్ దీన్ని తిట్టింది. తప్పు దీనిది కాదు."

"కాదు."

"నువ్వెప్పుడూ మెషీన్ సైడేనా?"

"మనుషులు వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకోగలరు కదా."

గొప్పగా అన్నాను. ఆ తర్వాత ఆరువారాలు నా గురించి నేను ఒక్కముక్క చెప్పుకోలేక చచ్చాను.

ప్రతి శనివారం విల్మింగ్టన్‌లో తేలేవాణ్ణి. ఓసారి పుల్లీ వంక, ఓసారి బోల్టు వంక, ఓసారి అక్కయ్యకి కరివేపాకు వంక. మ్యూజియంలో తెడ్డు సరిగ్గా బిగించారు, కేసు మళ్ళీ రాసుకున్నారు. వసుమతి మాత్రం నన్ను జ్యూరీకి పిలవలేదు. "అంకుల్‌కి సీట్ లేదు" అనేది. షో అయ్యాక నది ఒడ్డున ఇద్దరం ఐస్‌క్రీమ్ తినేవాళ్ళం. నేను నిలబడి తినేవాణ్ణి. "ఒకచోట కూర్చోలేవా నువ్వు?" అనేది. ఆమె పక్కన కూర్చుంటే నోరు జారుతుందని నా భయం.

ఆగస్టు పద్ధెనిమిదిన ఐస్‌క్రీమ్ సగంలో ఉండగా కుంభవృష్టి. పరుగెత్తి ఓ కొట్టు చూరు కిందకి చేరాం. జల్లు కొడుతుంటే ఆమె ఇంకొంచెం ఇటు జరిగింది. జడ కొస నుంచి నీళ్ళు నా చేతి మీద పడుతున్నాయి. నేను చెయ్యి తియ్యలేదు.

"టూ వీక్స్‌లో, లేబర్ డే సెలవులకి, పక్క స్టేట్ షాంటిలీ నుంచి నన్ను చూడ్డానికి ఒక ఫ్యామిలీ వస్తోంది" అంది. "అబ్బాయి పేరు రాధాకృష్ణ. కార్డియాలజీ. నాన్నకి చాలా ఇష్టం."

నా ఐస్‌క్రీమ్ నేల మీద పడింది.

"నీకు?"

"నాకు తెలీదు. ఫొటోలో బాగానే ఉన్నాడు. ఏం చెయ్యను, అంకుల్?"

"ముందు ఆ అంకుల్ మానెయ్."

"మామ్స్ బ్రదర్‌ని అంకుల్ అనక ఏమంటారు?"

"మనవాళ్ళలో మేనమామ అంటే అంకుల్ కాదు. అక్కకూతురి మీద మొదటి హక్కు ఆయనదే. చాలాచోట్ల పెళ్ళి చేసుకుంటారు."

వసుమతి రెండడుగులు వెనక్కి వేసి వానలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ లోపలికొచ్చింది.

"తెలుసు. అమ్మ చెప్పింది. ఛీ, గ్రాస్ అనిపించి లా లైబ్రరీకెళ్ళి పెళ్ళిళ్ళ స్టాట్యూట్ చూశాను. నార్త్ కరోలినాలో మేనమామతో పెళ్ళి చెల్లదు."

"నేనేం సొంత మేనమామని కాదుగా! ఇంటిపేరొకటే. రక్తసంబంధం ఏమీ లేదు. ఏ కోర్టయినా ఒప్పుకుంటుంది."

"అయితే ఆ కేస్ నువ్వు కూడా ఆలోచించావన్నమాట."

దొరికిపోయాను. వాన హోరున కురుస్తోంది, పారిపోవడానికి దారి లేదు.

"నువ్వు స్టాట్యూట్ ఎందుకు చూశావ్?" అన్నాను.

"క్రాస్ ఎగ్జామినేషన్ నేను చేస్తున్నాను. నువ్వు ఆన్సర్ చెయ్."

"ఆలోచించాను. రోజూ అదే ఆలోచిస్తున్నాను. నువ్వంటే ఇష్టం, వసుమతీ. ఆ షాంటిలీ అబ్బాయి ఎంత మంచివాడైనా సరే, నువ్వు అతన్ని చేసుకుంటే నేను బాగుండను."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. జడ కొస పిండుకుంటూ నదివైపు తిరిగింది.

"నాన్నని హర్ట్ చెయ్యాలి. అది చిన్న విషయం కాదు నాకు. టూ వీక్స్ టైమ్ ఇవ్వు. అప్పటిదాకా రావద్దు, ఫోన్ చెయ్యొద్దు. నువ్వు ఎదురుగా ఉంటే నేను ఆలోచించలేను."

రెండు వారాలు! రెండు నిమిషాలు ఊరుకోలేనివాడికి వేసే శిక్షేనా అది?

క్యారీలో ఉన్న తెలుగువాళ్ళందరి గ్రైండర్లకీ పుల్లీలు మార్చాను. గ్రైండర్ లేనివాళ్ళ వాక్యూమ్ క్లీనర్లు విప్పాను. ఫోన్ తీసి పనిచేస్తోందో లేదో చూసి పెట్టేసేవాణ్ణి. మా రూమ్మేట్ శ్రీధర్ చివరికి దండం పెట్టాడు. "రేయ్, టోస్టర్ జోలికి మాత్రం పోకురా. నాకు పొద్దున్నే ఆఫీస్ ఉంది."

పదిహేనో రోజు, ఆదివారం పొద్దున్న ఫోన్ మోగింది. ఎగిరి పట్టుకున్నాను. భానుమతిగారు.

"తమ్ముడూ, కొంప మునిగిందయ్యా! గ్రైండర్ ఆగిపోయింది. మధ్యాహ్నం పెళ్ళివారొస్తున్నారు, పిండి సగంలో ఉంది. ఒక్కసారి రాగలవా?"

పెళ్ళివారికి గారెలు పెట్టడానికి నేనెళ్ళి గ్రైండర్ బాగుచెయ్యాలి. వెళ్ళకూడదనే అనుకున్నాను. కారు విల్మింగ్టన్ చేరేదాకా అలాగే అనుకుంటూ ఉన్నాను.

నేను చేరేసరికి వాళ్ళు వచ్చేసి ఉన్నారు. గరాజ్ తలుపులోంచి దూరి గ్రైండర్ మూత తీశాను. మోటారు ఉంది, పుల్లీ ఉంది, బెల్టు లేదు. తెగిన ముక్క కూడా లేదు. అక్కయ్యని అడుగుదామని స్పానర్ చేత్తో పట్టుకుని హాల్లోకెళ్ళాను.

సోఫాలో అచ్యుతరావుగారు, రాధాకృష్ణ, అతని తల్లి మీనాక్షిగారు. పళ్ళేల్లో ఉప్మా. ఎదురుగా నీలం పట్టుచీరలో వసుమతి. నన్ను చూసి తల వంచుకుంది.

"ఈ అబ్బాయెవరండీ?" అన్నారు మీనాక్షిగారు.

"మా తమ్ముడండీ. వరసకి. క్యారీలో ఇంజనీరు" అన్నారు భానుమతిగారు.

"పెళ్ళయిందా?"

"ఇంకా లేదండీ."

మీనాక్షిగారు హాయిగా నవ్వారు. "బాగుందండీ! పెళ్ళికాని మేనమామని ఇంట్లో పెట్టుకుని మమ్మల్ని షాంటిలీ నుంచి రప్పించారా?"

వేళాకోళానికే అన్నారు. అచ్యుతరావుగారు మర్యాదకి నవ్వారు. వసుమతి తలెత్తింది.

"అదే నేనూ అడుగుతున్నాను, నాన్నా."

అచ్యుతరావుగారి నవ్వు ఆగిపోయింది.

"వసూ, అదేదో అమ్మ సరదాకి పెట్టుకున్న వరస..."

"వరస సంగతి కాదు. శ్యామ్ అంటే నాకిష్టం. తననే చేసుకుంటాను. ముందే చెప్పాల్సింది. నువ్వు బాధపడతావని చెప్పలేదు. తప్పు నాదే." రాధాకృష్ణవైపు తిరిగింది. "అయామ్ సారీ. నువ్వు చాలా నైస్."

"పర్లేదండీ. వన్ అవర్ నుంచీ మాట్లాడుతున్నాను. మీరు డ్రైవ్‌వే వైపే చూస్తున్నారు" అన్నాడతను. పాపం, మంచివాడే.

మీనాక్షిగారు ఉప్మా పళ్ళెం కింద పెట్టి, "నా నోరు మంచిది కాదురా నాయనా" అని కొడుకుతో అంటూ లేచారు. భానుమతిగారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని క్షమాపణ చెప్పుకుంటూ కారు దాకా వెళ్ళారు.

అచ్యుతరావుగారు నావైపు తిరిగారు. "నువ్వేమంటావయ్యా?"

స్పానర్ వెనక్కి దాచుకున్నాను.

"నాకు తను కావాలండీ" అన్నాను.

ఆయన కూతురివైపు తిరిగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నన్ను అడగడానికి ఇంత భయపడ్డావా, వసూ?" అన్నారు. ఆమె ఏడ్చేసింది. ఆయన ఆమె తల నిమిరి, నాకు కాగితమూ పెన్నూ ఇచ్చారు. "మీ నాన్నగారి పేరూ ఫోన్ నంబరూ రాయి. ఇండియాకి కాల్ బుక్ చేస్తాను. వాళ్ళు ఒప్పుకోవద్దూ?"

ఆయన ఆపరేటర్‌తో కుస్తీ పడుతుంటే మేమిద్దరం వాకిట్లోకి వచ్చాం. వసుమతి మెట్ల మీద కూర్చుని చీరకొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంతకీ బెల్టు దొరకలేదు" అన్నాను. "తెగితే ముక్కయినా ఉండాలి."

"నా బుక్స్ బ్యాగ్‌లో ఉంది."

"ఏమిటీ?"

"పొద్దున అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నేనే తీసేశాను. టూ వీక్స్ ఫోన్ చెయ్యొద్దని నేనే కండిషన్ పెట్టాను కదా. సెకండ్ డేకే తప్పు చేశానని తెలిసింది. కానీ నీకు ఫోన్ చేస్తే ఓడిపోయినట్టుంటుంది."

"అందుకని పెళ్ళిచూపులకి ఉప్మా పెట్టించావా?"

"నువ్వు రావాలి, శ్యామ్. నువ్వు లేకుండా నాన్నకి చెప్పే ధైర్యం నాకు లేదు."

స్పానర్ పక్కన పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. లోపల అచ్యుతరావుగారు మా నాన్న పేరు మూడోసారి స్పెల్లింగ్ చెప్తున్నారు. లైన్ కలిసేదాకా అక్కణ్ణించి లేవలేదు.