ఇస్త్రీ గది శ్రుతి

"ఏమప్పా, ఏం చేసినావు నువ్వు?"

జలంధర్ నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. చేతిలో ఆవిరి కక్కుతున్న ఇస్త్రీ పెట్టెతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. అది తన మీదికే వస్తుందేమోనని అతను ఒక మెట్టు పైకి ఎక్కాడు.

"ఏసీ రిపేర్ చేసిన మేడమ్. ఫ్యాన్ మోటర్ ఖరాబైంది. గుయ్యిమని ఒకటే లొల్లి. కొత్తది ఏసిన. ఇప్పుడు సప్పుడే లేదు సూడుండ్రి."

"అదే అడుగుతాండా. ఆ సప్పుడు ఏమైంది?"

"పోయింది."

"తిరిగి పెట్టు."

జలంధర్‌ది జగిత్యాల. కువైట్‌కు వచ్చిన నాటి నుంచి ఏసీలే బాగుచేస్తున్నాడు. చల్లదనం లేదని తిట్టినవాళ్లున్నారు, నీళ్లు కారుతున్నాయని తిట్టినవాళ్లున్నారు. చప్పుడు పోయిందని తిట్టే మనిషిని ఇప్పుడే చూడటం.

"పాత మోటర్‌తోని మీకేం పని మేడమ్?"

"అది నా శ్రుతి!" అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనే.

ఆమె పేరు వెంకటేశ్వరి. రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లోని రిగ్గై పేటలో ఆ ఇంట్లో పని. మేడమీది ఇస్త్రీ గదిలో అరబ్బు మగవాళ్లు తొడిగే తెల్లటి పొడుగు అంగీలు, దిష్దాషాలు, ఇస్త్రీ చేస్తూ పాడుకుంటుంది. తాత గుడిలో నాదస్వరం వాయించేవాడు. ఆడపిల్ల చేతికి నాదస్వరం ఇవ్వలేదు కానీ, రాగాలన్నీ చెవిలో పోశాడు. ఇక్కడ తంబూరా ఎక్కడిది? ఆ మోటారు మోత సరిగ్గా ఆమె షడ్జమంలో పలికేది. దాన్ని ఆనుకునే ఆమె సొంతంగా పాటలు కట్టుకుంది. భగవంతుడు ఏ రూపంలో ఏం ఇస్తాడో ఎవరికి తెలుసు?

జలంధర్‌కు శ్రుతి అంటే తెలియదు. ఏడిపించానని మాత్రం తెలిసింది.

తర్వాతి వారం అతను చెకింగ్ అని చెప్పి మళ్లీ వచ్చాడు. సంచిలోంచి చెక్కపలక తీశాడు. దాని మీద పాత మోటారు బిగించి ఉంది. కింద వైరు, ప్లగ్గు.

"పెట్టుండ్రి మేడమ్."

ప్లగ్గు పెట్టగానే గది నిండా గుయ్యిమని మోగింది. వెంకటేశ్వరి కళ్లు మూసుకుంది. పెదవుల మీదికి నవ్వు వచ్చింది. గొంతు విప్పింది.

"ముడతలు తీసే చేతికి
ముడతలెవ్వరు తీసేరమ్మా..."

సహానా రాగం. జలంధర్ నిచ్చెన వేయడం మరిచిపోయి గోడకు ఆనుకున్నాడు.

కింది నుంచి ఇంటావిడ అరబ్బీలో అరిచింది. "వెంకటా! ఏమిటా చప్పుడు?"

"ఏసీ మామా! మిస్త్రీ చూస్తాండాడు." అక్కడ పనివాళ్లు ఇంటావిడను మామా అనే పిలుస్తారు.

అంత శ్రద్ధగా ఆ ఏసీని అతను ఆ తర్వాత ఎన్ని వారాలు చూశాడో దేవుడికే తెలియాలి. వచ్చిన ప్రతిసారీ ఫోనులో ఒక పాట రికార్డు చేసేవాడు. బయటి మోతలు రాకుండా తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కేవాడు.

"నువ్వు కూడా పాడరాదా?" అని అడిగింది ఒకసారి.

"నేను నోరు తెరిస్తే మీ మామా పోలీసులను పిలుస్తది."

"శ్రుతి పట్టేదానికి పాట రానక్కర్లేదులే. మా తాత మేళంలో శ్రుతి సన్నాయి మా నాయన పట్టేవాడు. ఆయనకు ఒక్క రాగం రాదు. ఊపిరి తెంచకుండా ఆ ఒక్క స్వరం పట్టుకుని కూర్చునేవాడు. మా మేళంలో అది ఇంటల్లుడి పని. వేరేవాళ్లకు ఇయ్యరు."

జలంధర్ మోటారు వైపు చూశాడు.

"అయితే గీ మోటర్ మీ ఇంటల్లుడన్నట్టు."

"పోప్పా!" అంటూ ఆమె తడి దిష్దాషా అతని మీదికి విసిరింది. దాన్ని మళ్లీ ఉతకవలసి వచ్చింది.

ఆరు పాటలు తయారయ్యాయి. ఆల్బమ్‌కు "ఇస్త్రీ గది" అని పేరు పెట్టి ఇంటర్నెట్‌లో ఎక్కించారు. మాట, స్వరం, గానం: వెంకటేశ్వరి. ప్రతి పాట వెనకా మోటారు గుయ్యిమంటూనే ఉంది.

మనవాళ్లు ఎక్కే మంగఫ్ బస్సుల్లో, వాళ్లుండే ఫర్వానియా గదుల్లో ఆ పాటలు మోగాయి. తెలుగు సంఘం కార్యదర్శి నాగేంద్రప్రసాద్‌కు కూడా వినబడ్డాయి. ఆయన స్వయంగా రెడ్డెమ్మ గదికి వచ్చాడు. రెడ్డెమ్మ వెంకటేశ్వరికి పిన్నమ్మ. ఫర్వానియాలో ఉంటుంది. సెలవు రోజున వెంకటేశ్వరి అక్కడికే వస్తుంది.

"అమ్మా, బంగారు గొంతు నీది. మన హాల్లో కచేరీ పెడదాం. కాకపోతే ఇస్త్రీ, అంట్లు, ఈ పాటలొద్దు. అంత గొప్ప రాగాల్లో ఇవేం మాటలు? దేవుడి కీర్తనలు పాడు. ఆ మోటారు కూడా వద్దు. చూసేవాళ్లు నవ్వుతారు. పాటల కింద పేరు మార్చి మళ్లీ పెట్టండి, సంఘం సమర్పణ అని."

"సార్, దేవుడికి రోజూ దండం పెట్టుకునే పని మొదలుపెడతా. ఆయన నా పాట విన్నది ఇస్త్రీ గదిలోనే. ఒక్కరోజు కూడా మాట మార్చమని చెప్పలా."

"మొండితనం వద్దమ్మా. మీ నాయనతో కూడా మాట్లాడినాను. ఆయన సరేనన్నాడు."

"పాడేది మా నాయన కాదు గద సార్. నా పేరు తీసెయ్యను. నా మాట తీసెయ్యను. హాలు మీ దగ్గరే పెట్టుకోండి."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆమె ఎక్కడ పాడినా సంఘం వాళ్లెవరూ వెళ్లకూడదని ఆ సాయంత్రమే అందరికీ చెప్పాడు.

"యాడ పాడతావే మరి?" అంది రెడ్డెమ్మ.

"ఇక్కడే. నీ గదిలో. శుక్రవారం మధ్యాహ్నం."

"ఎవురొస్తారు?"

"ఎవరూ రాకపోతే నువ్వుండావు. మోటారు పెట్టే ఆయప్ప ఉండాడు."

రెడ్డెమ్మ ఓరగా చూసింది. "ఈ కువైట్‌లో మీసమున్న ప్రతివాణ్నీ అన్నా అంటావే. ఆ ఒక్కణ్ని మాత్రం ఏమప్పా, ఆయప్ప అంటావేందే?"

వెంకటేశ్వరికి ఆ క్షణం గిన్నెలు కడగాలని బాగా గుర్తొచ్చింది.

శుక్రవారం వచ్చింది. ఇనప మంచాలను గోడకు నెట్టారు. మొదట ముగ్గురే. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, మంగఫ్ కుర్రవాళ్లు, పక్క గది దిల్షాద్ బీ. పై మంచాల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. తలుపు దగ్గర చెప్పుల కుప్ప పెరిగింది.

రాయచోటిలో ఉన్న నాయన సిద్ధయ్యకు వీడియో కాల్ కలిపి, ఫోనును దిండుకు ఆనించింది రెడ్డెమ్మ. ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. "సారు మాట కాదన్నారంట. సరే, ఒక్క పాట వింటా," అన్నాడు.

జలంధర్ ప్లగ్గు పెట్టాడు. మోటారు మోగింది. వెంకటేశ్వరి అందరికీ దండం పెట్టి మొదలుపెట్టింది. "ముడతలు తీసే చేతికి..." కింద కూర్చున్న ఒకామె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

చరణం మధ్యలో టప్పుమని శబ్దం. కాలిన వాసన. మోటారు ఆగిపోయింది.

అప్పుడే తలుపు దగ్గర చెప్పుల మధ్య నిలబడి ఉన్న నాగేంద్రప్రసాద్ అందరికీ కనబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో! చేతి సంచిలోంచి ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె తీశాడు.

"నేను చెప్పలా? ఇదిగో, తీసుకో. ఇప్పుడైనా ఒక కీర్తన పాడు."

అందరూ వెంకటేశ్వరి వైపు చూశారు. ఆ పెట్టె అందుకుంటే కచేరీ నిలబడుతుంది.

"ఆ పెట్టె వెనకాలే మీ షరతులు కూడా వస్తాండాయి సార్. నాకొద్దు. వచ్చినారు కదా, కూర్చోండి."

అని ముందుకైతే తిరిగింది కానీ, పట్టుకోవడానికి స్వరం ఏదీ?

అప్పుడు వినబడింది. సన్నగా, కొంచెం వణుకుతూ, "మ్..." అని. కాలిపోయిన మోటారు పక్కన జలంధర్ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఇన్ని వారాలు విన్న ఆ ఒక్క స్వరం. తప్పలేదు.

వెంకటేశ్వరి ఒక్క క్షణం అతన్ని చూసింది. ఆగిన చోటి నుంచే చరణం ఎత్తుకుంది. మోటారుతో పాడినప్పుడు లేని తడి ఏదో ఆ పాటలోకి వచ్చి చేరింది. నాగేంద్రప్రసాద్ చెప్పుల మధ్యే చతికిలబడ్డాడు. చివరిలో ఆయన తల ఆడిందని రెడ్డెమ్మ ఇప్పటికీ ఒట్టు వేస్తుంది.

పాట ముగిసింది. శ్రుతి మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

దిండు దగ్గర నుంచి సిద్ధయ్య గొంతు వచ్చింది. "అమ్మీ, ఆ శ్రుతి పడతాండేది ఎవురు?"

రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శ్రుతి అల్లుడు పట్టాలని ఆ ఇంట్లో తెలియనిదెవరికి?

వెంకటేశ్వరి ఫోను చేతిలోకి తీసుకుంది. తల దించలేదు.

"పట్టాల్సినోడే పడతాండాడు నాయనా. జగిత్యాలోడు. పేరు జలంధర్."

సిద్ధయ్య ఫోనును చెవికి ఆనించుకుని ఆ శ్రుతి విన్నాడు. ఇరవై ఏళ్లు మామగారి పక్కన అదే ఒక్క స్వరం పట్టుకుని కూర్చున్న మనిషి ఆయన.

"కింద ఊపిరి చాలడం లేదు వాడికి," అన్నాడు చివరికి. "కడుపులోంచి తియ్యమను. మధ్యలో తెంచొద్దని చెప్పు. నువ్వు ఇంకో పాట ఎత్తుకో."

వెంకటేశ్వరి జలంధర్ వైపు తిరిగింది. "ఇన్నావా? మధ్యలో తెంచకూడదంట. సరేనా ఏమప్పా?"

జలంధర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. చెప్పాలని ఎన్నో వారాలుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. కానీ ఇప్పుడు నోరు తెరవడానికి లేదు. శ్రుతి తెగుతుంది.

గట్టిగా తల ఊపాడు.